కానుక సంచిలో ఇంటివాళ్ళ వాటా



చర్చికి డబ్బిచ్చి, తర్వాత విశ్వాసం పోయి, ఇచ్చినదానికి బాధపడినవాళ్ళ గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు మొదట కొంచెం ఇబ్బంది పడ్డారు. ఇవాళ మనం తలుచుకుంటున్న మాస్టారు చివరిదాకా విశ్వాసి. ఒళ్ళు బాగాలేకపోయినా ఆదివారం ఆరాధన మానలేదు. అలాంటాయన పేరు మీద జరిగే సభలో విశ్వాసం వదిలేసినవాళ్ళ గోడు ఎందుకని వాళ్ళ సందేహం. మాస్టారు చాలాకాలం సంఘానికి ట్రెజరరు. ఆయన చేతిరాతలో ఉన్న లెడ్జరు చూసినవాణ్ణి గనక నాకా సందేహం లేదు. ఎందుకో కాసేపట్లో చెబుతాను. వృత్తిరీత్యా ప్లీడర్ని, కాబట్టి ముందు ఒక దావా.

1868లో లండన్‌లో మిస్ ఆల్‌కార్డ్ అనే అవివాహిత ఉండేది. నైహిల్ అనే మతగురువు ఆవిడను, ‘సిస్టర్స్ ఆఫ్ ది పూర్’ అనే ప్రొటెస్టెంటు కన్యాశ్రమం పెద్ద మిస్ స్కిన్నర్‌కు పరిచయం చేశాడు. తర్వాత ఆవిడ ఆ ఆశ్రమంలో సిస్టరుగా చేరింది. దారిద్ర్యం, బ్రహ్మచర్యం, విధేయత అక్కడి వ్రతాలు. చేరిన కొద్ది రోజులకే ఉన్నదంతా స్కిన్నర్ పేర వీలునామా రాసింది. ఆ తర్వాత తన వాటాగా వచ్చిన రైల్వే షేర్లు, డబ్బు, అన్నీ కలిపి 7,000 పౌన్ల దాకా ఆశ్రమానికి అప్పజెప్పింది. ఆ ఆశ్రమం నియమాల్లో ఒకటి గుర్తుంచుకోండి. పెద్దమ్మగారి అనుమతి లేకుండా సిస్టర్లు బయటివాళ్ళ సలహా అడగకూడదు.

1879లో ఆవిడ ఆశ్రమం వదిలి రోమన్ కాథలిక్ అయింది. ఆరేళ్ళు ఊరుకుని 1885లో ఇచ్చింది వెనక్కిమ్మని దావా వేసింది. 1887లో అప్పీలు కోర్టు ఇచ్చిన తీర్పును లా కాలేజీల్లో ఇప్పటికీ చెబుతారు. మిస్ స్కిన్నర్ మోసగత్తె కాదని, పైసా సొంతానికి వాడుకోలేదని జడ్జీలు ఒప్పుకున్నారు. అయినా, బయటి సలహాకు దారి మూసేసి, ఆత్మ మీద అధికారం ఉన్నవాళ్ళు పుచ్చుకున్న దానం నిలబడదన్నారు. అంత చెప్పి, దావా మాత్రం కొట్టేశారు. బయటికొచ్చాక ఆరేళ్ళు ఎందుకు ఊరుకున్నావు, ఆలస్యమైపోయిందన్నారు. ముగ్గురిలో కాటన్ అనే జడ్జి ఒక్కడే, ఖర్చుకాకుండా మిగిలిన షేర్లయినా ఇచ్చెయ్యాలన్నాడు. ఆయన మాట నెగ్గలేదు.

ఈ న్యాయం మనకు పరాయిది కాదు. 1872 నాటి మన కాంట్రాక్టు చట్టం 16వ సెక్షను చెప్పేది ఇదే. ఒకరి మనసు మరొకరి గుప్పిట్లో ఉన్నప్పుడు ఆ గుప్పిట్లోకి చేరిన ఆస్తిని అనుమానంగా చూడమంటుంది. ఆల్‌కార్డ్ ఓడిన మూడేళ్ళకు, 1890లో, అలహాబాద్ హైకోర్టు ముందుకు మన్నూ సింగ్ కేసు వచ్చింది. ఒక ముసలాయన పరలోకంలో మేలు కలుగుతుందని ఉన్న ఆస్తంతా తన గురువుకు దానపత్రం రాశాడు. స్వేచ్ఛగా ఇచ్చాడని రుజువు చేసుకోవలసిన బాధ్యత గురువుదేనని, దానం చెల్లదని కోర్టు తేల్చింది. చర్చి గురించి మాట్లాడుతూ ఆశ్రమాలనూ పీఠాలనూ ఎందుకు వదిలేశారని కింద కూర్చున్నవాళ్ళలో ఎవరికైనా అనుమానం ఉంటే, వదల్లేదండీ. చట్టం కూడా వదల్లేదు.

అయితే ఈ కేసుల్లో కోర్టు చూసింది ఇచ్చినవాళ్ళ మనసునే. ఆమె స్వేచ్ఛగా ఇచ్చిందా, ఆయన తెలిసే ఇచ్చాడా అనే ప్రశ్న దగ్గరే ఆగింది. మిస్ ఆల్‌కార్డ్‌కు భర్త లేడు, పిల్లల్లేరు. ఆవిడ డబ్బు, ఆవిడ విచారం. మన ఊళ్ళల్లో అలా ఒంటిగా ఉన్న డబ్బు ఎంత ఉంటుంది? నా ఆఫీసుకు ఇలాంటి గోడుతో వచ్చినవాళ్ళలో ఇచ్చినవాళ్ళు తక్కువ. వాళ్ళ కొడుకులు, కోడళ్ళు, ఒక్కోసారి పెళ్ళీడు కూతుళ్ళు ఎక్కువ. వాళ్ళకు నేను చెప్పగలిగింది కొంచెమే. చేతి నుంచి చేతికి మారిన నగదు దానం ఆ క్షణానే పూర్తయిపోతుంది. మనసు మారిందని దానం రద్దు చేసుకునే వీలు ఆస్తి బదిలీ చట్టం ఇవ్వదు. ఒత్తిడి చేసి రాయించుకున్న కాగితం కొట్టేయించాలంటే విషయం తెలిసిన మూడేళ్ళలోపు కోర్టుకు రావాలి. పైగా సంచిలో వేసిన డబ్బుకు రసీదేది?

ఇవాళ్టి నా మాట ఇదీ. చర్చికిచ్చిన డబ్బు గురించి విచారం అన్నప్పుడు మనం ఇచ్చినవాణ్ణే తలుచుకుంటాం. ఎక్కువ విచారం ఇవ్వనివాళ్ళది. ఎవరూ అడగకుండా వాళ్ళ వాటా కూడా ఆ సంచిలో పడిపోయింది.

ఇది ఇంటివాళ్ళ మీద ఎలా పడుతుందో తెలియడానికి అమెరికా సంగతి చూద్దాం. మోర్మన్ చర్చి అని మనం పిలిచే సంఘానికి కేంద్రం యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీ. తెలుగువాళ్ళకు అది మరీ దూరం కాదు. భారతదేశంలో వాళ్ళ మొదటి స్టేకు, అంటే ప్రాంతీయ సంఘం, 2012లో ఏర్పడింది మన హైదరాబాదులోనే. బెంగళూరులో దేవాలయం కడతామని 2018లో ప్రకటించారు. వీళ్ళలో దశమ భాగం ఇష్టమైతే ఇచ్చే కానుక కాదు. ఏడాది చివర కుటుంబం మొత్తం బిషప్పు ముందు కూర్చుని, పూర్తిగా ఇచ్చామా లేదా అన్నది చెప్పాలి. పూర్తిగా ఇవ్వనివాళ్ళకు దేవాలయంలోకి వెళ్ళే అనుమతి పత్రం దొరకదు. పెళ్ళి ఆ దేవాలయంలో జరిగితే, పత్రం లేని తల్లీ తండ్రీ బయట వరండాలోనో తోటలోనో కూర్చోవాలి. కూతురు పెళ్ళి కళ్ళారా చూడలేరు. ముందు బయట పెళ్ళి చేసుకున్న జంట దేవాలయ సంస్కారం కోసం ఏడాది ఆగాలనే నియమం అమెరికాలో చాలాకాలం ఉండేది. 2019లో ఎత్తేశారు. ఆ మార్పు విని ఎంతమంది తల్లులు ఊపిరి పీల్చుకున్నారో, అంతకుముందే పెళ్ళిళ్ళు అయిపోయినవాళ్ళు ఎంత ఉడుక్కున్నారో మనం ఊహించుకోవచ్చు.

2019 డిసెంబరులో ఆ చర్చి పెట్టుబడి సంస్థ ఎన్‌సైన్ పీక్‌లో పనిచేసి మానేసిన ఉద్యోగి ఒకాయన ఇచ్చిన ఫిర్యాదు పత్రికలకెక్కింది. సంస్థ దగ్గర పోగైన నిధి సుమారు 10,000 కోట్ల డాలర్లట. 2023 ఫిబ్రవరిలో అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ చర్చికీ ఆ సంస్థకీ కలిపి 50 లక్షల డాలర్ల జరిమానా వేసింది. పెట్టుబడులు ఎవరివో తెలియకుండా డొల్ల కంపెనీల పేర్లతో లెక్కలు దాఖలు చేసినందుకు. నేరం డబ్బు ఉండటం కాదు, దాచటం. ఇంత ఉందని విశ్వాసులకు తెలిస్తే ఇవ్వడం మానేస్తారనే భయంతోనే దాచారని విమర్శకులంటారు. చర్చి మాత్రం అది చెడ్డ రోజులకు దాచిన నిధి అంటుంది.

జేమ్స్ హంట్స్‌మన్ అనే శ్రీమంతుడు 2021లో దావా వేశాడు. నేనిచ్చిన దశమ భాగంతో షాపింగు మాల్ కట్టారు, మాతో అలా కట్టబోమని చెప్పారు, అది మోసం అని. సాల్ట్ లేక్ సిటీ నడిబొడ్డున 2012లో తెరిచిన సిటీ క్రీక్ మాల్ గురించి ఆ గొడవ. కింది కోర్టులో ఓడాడు. 2023లో అప్పీలులో ఇద్దరు జడ్జీలు ఆయన వైపు, ఒకరు చర్చి వైపు. చివరికి 2025 జనవరి 31న తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు పూర్తి ధర్మాసనం చర్చి గెలిచిందని తేల్చింది. మాల్‌కు వాడేది నిల్వ నిధి మీద వచ్చే రాబడి అని చర్చి అధ్యక్షుడు ముందే చెప్పాడు, అబద్ధం ఎక్కడుందని అడిగింది. నాకు ఆ తీర్పు తప్పనిపించదు. హంట్స్‌మన్ బాధ అబద్ధమనీ అనిపించదు. ఆ బాధకు ఆ దావాలో చోటు లేదు, అంతే.

హంట్స్‌మన్‌కు డబ్బు పోయినా ఇల్లు గడుస్తుంది. 2018లో అదే చర్చి అధ్యక్షుడు రస్సెల్ నెల్సన్ నైరోబీలో విశ్వాసులకు చెప్పిన మాట వేరే రకం. పేదరికం తరతరాలుగా తిరిగే చక్రం ఆగాలంటే దశమ భాగం ఇవ్వడం మొదలుపెట్టండి అన్నాడు. ఇది విని నవ్వేవాళ్ళు ఉంటారు, మండిపడేవాళ్ళు ఉంటారు. నేను ఆ రెండింటిలో చేరను, ఎందుకంటే ఇలాంటి మాట మన దోర్నకల్ నుంచీ వినిపించింది. భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్పు వి.ఎస్. అజరయ్య 1912లో దోర్నకల్ పీఠమెక్కాడు. తిరునల్వేలి సీమ నుంచి వచ్చిన తమిళుడు. ఆయన సంఘాల్లో ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు. ఎంత పేదైనా ఇవ్వాల్సిందేనని ఆయన పట్టుబట్టాడు, ‘క్రిస్టియన్ గివింగ్’ అని ఒక పుస్తకమే రాశాడు. విదేశీ మిషన్ల సొమ్ము మీద బతికే సంఘానికి వెన్నెముక ఉండదన్నది ఆయన గట్టి నమ్మకం.

పెత్తందారు ఇంట్లో చేయి చాచడమే అలవాటైన మనిషి, ఆదివారం పూట ఇచ్చేవాడిగా నిలబడ్డాడు. ఇవాళ విశ్వాసం వదిలేసి కూర్చున్న మనవడు, ‘మా తాతను దోచుకున్నారు’ అనే ముందు ఆ నిలబడటాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి. కోత పండుగ గుర్తుంది కదా మీకు. గుమ్మడికాయలు, నాటుకోళ్ళు, కొత్త ధాన్యం, పందిరి గుంజకు కట్టిన అరటి గెల. ఆరాధన అయ్యాక వేలం పాట. పాతిక రూపాయల కోడిని పట్టుదలకు పోయి రెండు వందలకు పాడి, తెచ్చినవాళ్ళకే మళ్ళీ ఇచ్చిపోయేవాళ్ళు. ఆ పంతాలకు విచారపడినవాళ్ళను నేను చూడలేదు, కోడి దక్కనివాళ్ళు తప్ప.

ఇప్పుడు మాస్టారి లెడ్జరు. అలాంటి కోత పండుగ నాడే, వేలం అయ్యాక కానుక సంచులు చాప మీద కుమ్మరించి లెక్కపెడుతున్నారు. చిల్లరలో ఒక బంగారు దుద్దు దొరికింది. ఒక్కటే. జతలో రెండోది లేదు. ఎవరిదో మాస్టారికి తెలుసు. బిడ్డకు జ్వరం తగ్గితే ఇస్తానని మొక్కుకున్న తల్లిది. అప్పటికి ఆ ఇంటాయన మిరప చేనుకు పెట్టుబడి కోసం ఊళ్ళో తిరుగుతున్నాడు. మర్నాడు పొద్దున్నే మాస్టారు సైకిలేసుకుని వెళ్ళి దుద్దు ఇచ్చి వచ్చారు. లెడ్జరులో ఆ రోజు పేజీ అడుగున ఎర్ర సిరాతో రాసుకున్నారు: ‘దుద్దు ఒకటి. ఇంటివారికి తెలియదు. వాపసు.’ సంఘ పెద్దలు గొడవపెట్టుకున్నారు. దేవుడికిచ్చింది తిరిగివ్వడానికి నువ్వెవరివయ్యా అన్నారు. మాస్టారు అన్నది ఒక్కటే. ‘దేవుడికి తొందరేం లేదు. ఇంట్లో చెప్పి వచ్చే ఏడు వెయ్యమనండి.’

పేదవాళ్ళన్న జాలితో వాపసు చేశారనుకుంటే మాస్టారు అర్థం కానట్టే. అదే సంఘంలో కూలి చేసుకునే ఆడవాళ్ళు పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ పిడికెడు బియ్యం తీసి కుండలో దాచి, నెలాఖరున తెచ్చి పోసేవాళ్ళు. ఆ ఇళ్ళల్లో దుద్దులు కూడా ఉండేవి కావు. ఆ బియ్యం ఆయన ఎన్నడూ వెనక్కి పంపలేదు, కొలిచి జమ రాశారు. ఎందుకంటే ఆ పిడికెడు తీసేటప్పుడు పిల్లలు పక్కనే ఉంటారు, అత్తగారు చూస్తుంటుంది. అన్నంలో ఎంత తగ్గిందో అందరికీ తెలుసు. ఇవ్వడం ఇంటిది. దుద్దు అలా కాదు. పేదరికం కాదు, ఇంటి ఎరుకే ఆయన కొలత. ఏ న్యాయశాస్త్రమూ చదవకుండానే ఆ మనిషి, లండన్ జడ్జీలు చూడని చోటికి చూశారు.

ఇక జపాన్. సన్ మ్యుంగ్ మూన్ 1954లో కొరియాలో పెట్టిన యూనిఫికేషన్ చర్చి, జపాన్‌లో దశాబ్దాల తరబడి డబ్బు పిండింది. మిగతా క్రైస్తవులు దాన్ని తమదిగా ఒప్పుకోరు, అది వేరే చర్చ. పద్ధతి ఏమిటంటే, మీ పూర్వీకుల పాపం మీ ఇంటిని పట్టి పీడిస్తోంది, అది పోవాలంటే ఈ కుండ కొనండి, ఈ పాలరాతి గోపురం కొనండి, విరాళం ఇవ్వండి. బాధితుల తరఫున లాయర్లు 1987లోనే ఒక సంఘంగా కూడారు. పత్రికలూ ప్రభుత్వమూ పెద్దగా పట్టించుకోలేదు.

2022 జులై 8న నారా నగరంలో మాజీ ప్రధాని షింజో అబేను యమగామి తెత్సుయా అనే వ్యక్తి నాటు తుపాకీతో కాల్చి చంపాడు. ఆ హత్యకు ఏ సమర్థనా లేదు, నేను చెయ్యను. కానీ అతని ఇంటి కథ దేశం చెవిన పడింది. భర్త పోయిన తల్లి ఆ చర్చిలో చేరి, బీమా సొమ్ము, స్థలం, ఇల్లు అన్నీ కరిగించి సుమారు 10 కోట్ల యెన్లు ఇచ్చేసింది. 2002లో దివాలా తీసింది. మనవాళ్ళు ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారు కదా, అదీ ఆ ఇంటి పరిస్థితి. ఇక్కడ గమనించవలసిందేమిటంటే, ఇచ్చిన ఆ తల్లి తర్వాత కూడా విశ్వాసం వదల్లేదు. విచారమంతా పిల్లలది. మిస్ ఆల్‌కార్డ్ కేసు చదువుకున్న లాయరు ఆ ఇంటికి వెళ్ళి ఏం చెయ్యగలడు? దాత మనసు మారితే కదా ఆ కేసు పనికొచ్చేది.

ఇలాంటి ఇళ్ళల్లో పుట్టినవాళ్ళు జపాన్‌లో ‘మతం రెండో తరం’ అనే పేరుతో బయటికొచ్చి మాట్లాడారు. బడిలో ఫీజు కట్టలేదని, ఇంట్లో కరెంటు తీసేశారని. 2022 డిసెంబరు 10న పార్లమెంటు చట్టం చేసింది. అప్పు చేయించి, ఉన్న ఇల్లు అమ్మించి విరాళం అడగడం నిషేధం. భయపెట్టి రాబట్టింది రద్దు చేసుకోవచ్చు. అన్నింటికంటే కొత్తది, దాత అడగకపోయినా, ఆ దాత పోషించవలసిన పిల్లలూ జీవిత భాగస్వామీ తమ పోషణకు రావలసిన మేరకు ఆ రద్దు హక్కును తామే వాడుకోవచ్చు. ఇరుకు దారే. దాతకు రద్దు హక్కు పుట్టిన సందర్భాల్లోనే, అదీ పోషణ లెక్క దాకానే. అయినా చట్టం మొదటిసారి దాత మనసులోంచి దిగి వంటింట్లోకి వచ్చింది.

తర్వాత 2024 జులై 11న జపాన్ సుప్రీంకోర్టు ఇంకో సంగతి తేల్చింది. ఒక ముసలావిడ 10 కోట్ల యెన్లకు పైగా ఇచ్చింది. 2015లో, ఆవిడకు 86 ఏళ్ళున్నప్పుడు, ఎన్నడూ వాపసు అడగను, దావా వెయ్యను అని చర్చివాళ్ళు నోటరీ ముందు రాయించి వీడియో కూడా తీశారు. ఆరేడు నెలల్లో ఆవిడకు అల్జీమర్స్ అని డాక్టర్లు తేల్చారు. కింది కోర్టులు ఆ కాగితం చూపించి దావా కొట్టేశాయి. ఆవిడ 2021లో చనిపోయినా కూతురు వదల్లేదు. అలాంటి హామీపత్రం ప్రజానీతికి విరుద్ధం, చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. 2025 మార్చి 25న టోక్యో జిల్లా కోర్టు ఆ సంస్థ మత సంస్థ హోదా రద్దుకు ఆదేశించింది. నలభై ఏళ్ళలో 1,500 మందికి పైగా 2,000 కోట్ల యెన్లకు పైగా నష్టపోయారని లెక్కగట్టింది. ఆ డబ్బు వాళ్ళలో ఎంతమంది సొంతం, ఎంత వాళ్ళ ఇంటివాళ్ళది అన్నది ఆ లెక్కలో రాదు.

జపాన్ చేసిన పని చదివితే నాకు ఆశ్చర్యం కంటే ముందు మన తెలుగు కవి కేతన గుర్తొచ్చాడు. కుటుంబానికి ఇబ్బంది రాకుండా మిగిలిందే దానమివ్వాలని యాజ్ఞవల్క్య స్మృతి ఏనాడో చెప్పింది. భార్యాబిడ్డలు దానంగా ఇవ్వడానికి వీల్లేనివాళ్ళు. దానికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర అనే వ్యాఖ్య రాస్తే, పదమూడో శతాబ్దంలో కేతన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఉమ్మడి ఆస్తిలోంచి ధర్మానికని తండ్రి ఇచ్చేది సబబైన మేరకే ఉండాలని మన కోర్టులు హిందూ కుటుంబాల కేసుల్లో ఇప్పటికీ అంటాయి. మేనత్త స్వార్జితం గుడికిచ్చినా, నాన్న రిటైర్మెంటు సొమ్ము చర్చికిచ్చినా ఆ రక్షణ వర్తించదు.

క్రైస్తవులకు వేరే రక్షణ ఒకటుండేది. 1925 నాటి వారసత్వ చట్టం 118వ సెక్షను. అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ పిల్లలు గానీ అంతకంటే దగ్గరి చుట్టాలు గానీ ఉన్న మనిషి, మతానికో ధర్మానికో ఆస్తి రాయాలంటే చావుకు కనీసం ఏడాది ముందు వీలునామా రాసి, ఆరునెలల్లో నిర్ణీత చోట దాఖలు చెయ్యాలి. లేకపోతే ఆ రాత చెల్లదు. చావుమంచం పక్కన పాదిరి కూర్చుని రాయించుకుంటాడనే పాత ఇంగ్లండు భయంలోంచి పుట్టిన నియమం. ఇంగ్లండు తన చట్టాన్ని 1960లోనే వదిలించుకుంది. మన దగ్గర కేరళకు చెందిన వల్లమట్టం అనే కాథలిక్ పాదిరి సవాలు చేస్తే, 2003లో సుప్రీంకోర్టు ఆ సెక్షను కొట్టేసింది. క్రైస్తవులకు మాత్రమే ఈ కట్టడి ఎందుకు, మిగతావాళ్ళకు లేదేం అని. తీర్పు సరైనదే. ఒక్క మతాన్నే అనుమానించే చట్టం నిలవకూడదు.

దాని బదులు అందరికీ వర్తించేది ఒకటి రాయవచ్చు. గుడి, మసీదు, చర్చి, ఆశ్రమం, ఏదైనా సరే. దాత మీద ఆధారపడి బతికే పిల్లలు, ముసలి తల్లిదండ్రులు, వాళ్ళ తిండికీ చదువుకీ మందులకీ సరిపోయేంత మాత్రం వెనక్కి అడిగే హక్కు, ఏడాదో రెండేళ్ళో గడువు పెట్టి. పుచ్చుకున్న సంస్థ రసీదు ఇవ్వక తప్పని నియమం. ముసాయిదా నా దగ్గర ఒకటుంది, మూడు పేజీలు. మాస్టారు ఉంటే ముందు ఆయనకే చూపించి, ఎర్ర సిరాతో దిద్దించుకునేవాణ్ణి. కావలసినవాళ్ళు సభ అయ్యాక తీసుకోవచ్చు.